ఆపరేషన్‌కు ముందే కీమో ఎందుకు?
ముదిరిన రొమ్ము క్యాన్సర్ చికిత్స గురించి దాతలు తెలుసుకోవలసిన విషయాలు

వైద్య సహాయం కోసం వచ్చే దరఖాస్తులను చూసేటప్పుడు దాతలు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "ఆపరేషన్‌కైతే తలా ఇంత వేసుకొని ఇద్దాం భాయ్. గడ్డ అట్లనే పెట్టుకొని ఆర్నెల్లు సెలైన్లు ఎక్కించుడేంది? ముందు అది తీసెయ్యమనండి." అడగడంలో తప్పు లేదు. ఇంట్లోకి పాము వస్తే ముందు దాన్ని బయటికి పంపాలనే ఎవరైనా అనుకుంటారు. రోగి ఇంటివాళ్లకూ ఇదే అనుమానం. పెద్ద డాక్టరు "ఇప్పుడే ఆపరేషన్ వద్దు, ముందు కీమో" అనగానే, ఇక లాభం లేదని చెప్పలేక అలా అంటున్నారని అర్థం చేసుకొని, కాగితాలు సంచిలో పెట్టుకొని ఊరికి తిరిగి వచ్చేసేవాళ్లున్నారు. ఆ తర్వాత పసరు కట్లు, పసుపు ముద్దలు మొదలవుతాయి.

అందుకే ఈ వ్యాసం. మీరిచ్చే జకాత్, సదఖా సొమ్ములో కొంత ఈ ఆరు నెలలకే ఖర్చవుతుంది. అది ఎందుకు ఖర్చవుతుందో మీకు తెలియాలి.

ముందుగా "ముదిరిన" అనే మాట సంగతి. మనం దీన్ని రెండు వేరువేరు స్థితులకు వాడేస్తుంటాం. మొదటి స్థితిలో జబ్బు రొమ్ము, చంక, మెడ కింది ఎముక చుట్టుపక్కల వరకే ఉంటుంది, కానీ అక్కడ బాగా పెరిగిపోయి ఉంటుంది. గడ్డ 5 సెంటీమీటర్లు దాటి ఉండవచ్చు. చర్మం నారింజ తొక్కలా గుంటలు పడి ఉండవచ్చు, పుండు పడి ఉండవచ్చు, గడ్డ ఛాతీ గోడకు అతుక్కుపోయి ఉండవచ్చు. చంకలోని గ్రంథులు ఒకదానికొకటి అంటుకొని కదలకుండా ఉండవచ్చు. దీన్ని వైద్యులు మూడో దశ అంటారు. రెండో స్థితిలో జబ్బు ఎముకలకో, ఊపిరితిత్తులకో, కాలేయానికో, మెదడుకో చేరి ఉంటుంది. అది నాలుగో దశ. మూడో దశలో పూర్తిగా నయం చేయాలనే ఉద్దేశంతోనే వైద్యం జరుగుతుంది. "ముదిరింది" అన్న ఒక్క మాట విని ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి దరఖాస్తును పక్కన పెడితే, బతకగలిగిన మనిషిని మనమే వదులుకున్నట్లవుతుంది.

మన దగ్గర ఎక్కువమంది ఇలా ముదిరాకే ఎందుకు వస్తున్నారు? ఇందల్వాయి, డిచ్‌పల్లి, సిరికొండ వైపు గానీ, బోధన్, నిజామాబాద్ పట్టణపు గల్లీల్లో గానీ చూడండి. బీడీలు చుట్టే ఆడవాళ్లు ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు. చాట ఒళ్లో పెట్టుకొని పొద్దంతా వంగి కూర్చుంటే రొమ్ములో నొప్పి లేని గడ్డ గురించి పట్టించుకునే తీరిక ఎక్కడిది? మొదట్లో క్యాన్సర్ గడ్డ సాధారణంగా నొప్పి పెట్టదు. "నొప్పి లేదు కదా, ఏం కాదులే" అనుకోవడమే కొంప ముంచుతుంది. పైగా సిగ్గు. మగ డాక్టరుకు చూపించడం ఇష్టం లేక ఏడాది, రెండేళ్లు దాచినవాళ్లు ఉంటారు. ఇందులో హిందూ, ముస్లిం తేడా లేదు. కాకపోతే మన ఇళ్లలో పరదా పేరుతో ఇంకొంత ఆలస్యం జరుగుతుంది. లేడీ డాక్టరు కావాలని ధైర్యంగా అడగవచ్చు. దొరకకపోతే పరీక్ష సమయంలో తల్లినో, అక్కనో పక్కన ఉంచుకోవచ్చు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు దాచడం ధర్మం కాదని మన పెద్దలూ చెబుతారు.

పాలిచ్చే తల్లుల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. రొమ్ము ఎర్రబడి, వాచి, వేడిగా ఉంటే పాలగడ్డ అనుకొని మందులు ఇస్తారు. చాలాసార్లు అది పాలగడ్డే. అయితే ఒక వారం, రెండు వారాలు యాంటీబయాటిక్ వాడినా తగ్గకపోతే స్కానింగ్, సూది పరీక్ష చేయించి తీరాలి. వాపుతో మొదలయ్యే ఒక రకం రొమ్ము క్యాన్సర్ అచ్చం ఇలాగే కనిపిస్తుంది, చాలా వేగంగా పెరుగుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ విభాగం 2022 సంవత్సరానికి వేసిన అంచనా ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాదిలో సుమారు 1 లక్షా 92 వేలమంది స్త్రీలకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడింది. సుమారు 98 వేలమంది దానితో చనిపోయారు. ప్రపంచం మొత్తం మీద ఆ ఏడాది కొత్త రోగులు 23 లక్షలు, మరణాలు 6 లక్షల 70 వేలు. ఈ రెండు జతల అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. మన దేశంలో ప్రతి ఇద్దరు కొత్త రోగులకు ఒక మరణం ఉంటే, ప్రపంచంలో ప్రతి ముగ్గురు, నలుగురికి ఒకటి ఉంది. ఈ తేడాకు పెద్ద కారణం ఆలస్యంగా రావడం, మొదలుపెట్టిన వైద్యాన్ని మధ్యలో మానేయడం. రెండోదాన్ని ఆపడం దాతల చేతిలో చాలావరకు ఉంది.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం.

వంద సంవత్సరాల క్రితం పద్ధతి మీరు అడిగినట్లే ఉండేది. అమెరికాలో హాల్‌స్టెడ్ అనే సర్జన్ 19వ శతాబ్దం చివరిలో ప్రారంభించిన పద్ధతిలో రొమ్మును, దాని కింది కండరాలను, చంకలోని గ్రంథులను అన్నింటినీ కలిపి తీసేసేవారు. ఎంత ఎక్కువ కోస్తే అంత మంచిదనే నమ్మకం దశాబ్దాల పాటు నడిచింది. 1943లో న్యూయార్క్‌కు చెందిన హాగెన్‌సెన్, స్టౌట్ అనే ఇద్దరు వైద్యులు తాము ఆపరేషన్ చేసిన రోగుల రికార్డులన్నీ తిరగేశారు. చర్మం విస్తారంగా ఉబ్బినవారు, చర్మం మీద చిన్న చిన్న గడ్డలు లేచినవారు, మెడ కింది గ్రంథులకు జబ్బు పాకినవారు, చెయ్యి వాచినవారు, ఇలాంటివారికి ఎంత పెద్ద ఆపరేషన్ చేసినా దాదాపు ఎవరికీ జబ్బు నయం కాలేదని తేల్చారు. కోసిన చోటే మళ్లీ లేచింది, లేదా వేరే చోట బయటపడింది. కాబట్టి ఇలాంటివారికి ముందుగా కత్తి పెట్టకూడదని వాళ్లు రాశారు. సర్జన్లే "మేం కోయం" అన్నారన్నమాట. మరి ఏం చేయాలి అన్న ప్రశ్నకు అప్పట్లో రేడియేషన్ తప్ప జవాబు లేదు.

జవాబు మందుల రూపంలో వచ్చింది. ఇందులో మనవాడి పాత్ర కూడా ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ కంపెనీలో పరిశోధనలు నడిపిస్తూ, క్యాన్సర్ కణాలకు అవసరమైన ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే మందులను తయారు చేయించారు. వాటిలో ఒకదాన్ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఇచ్చి, 1948లో ఫలితాలు ప్రకటించారు. అదే ఏడాది సుబ్బారావు గారు కన్నుమూశారు. ఆ కుటుంబంలోనిదే మెథోట్రెక్సేట్. 1976లో ఇటలీలోని మిలాన్ క్యాన్సర్ సంస్థలో బొనడొన్నా బృందం రొమ్ము ఆపరేషన్ అయినవారికి ఇచ్చి మంచి ఫలితం చూపించిన మూడు మందుల కలయికలో మెథోట్రెక్సేట్ ఒకటి.

అదే మిలాన్‌లో, అదే దశకంలో, కోతకు అందని పెద్ద గడ్డలకు ముందుగా మందు ఇచ్చి చూశారు. వాడిన ముఖ్యమైన మందు డాక్సోరుబిసిన్. వార్డుల్లో మన ఆడవాళ్లు "ఎర్ర మందు" అనేది దీన్నే. ఇటలీలో ఆడ్రియాటిక్ తీరప్రాంతపు మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి వచ్చింది కాబట్టి దీనికి ఆడ్రియామైసిన్ అనే పేరు కూడా ఉంది. అతుక్కుపోయిన గడ్డలు కరిగి, కదలడం మొదలుపెట్టాయి. అప్పటివరకు ఆపరేషన్‌కు పనికిరారని పంపేసిన స్త్రీలకు ఆపరేషన్, రేడియేషన్ సాధ్యమయ్యాయి.

తర్వాత పెద్ద పరీక్ష అమెరికాలో జరిగింది. బెర్నార్డ్ ఫిషర్ నాయకత్వంలో 1988 నుంచి 1993 వరకు 1,523 మంది స్త్రీలను చేర్చుకున్నారు. వీరంతా ఆపరేషన్‌కు అందే దశలో ఉన్నవారే. సగం మందికి ముందు ఆపరేషన్ చేసి తర్వాత నాలుగు డోసుల కీమో ఇచ్చారు. మిగతా సగానికి అవే నాలుగు డోసులు ముందు ఇచ్చి తర్వాత ఆపరేషన్ చేశారు. రెండు గుంపుల్లోనూ బతికినవారి సంఖ్య సమానంగానే ఉంది. దీని అర్థాన్ని జాగ్రత్తగా చూడాలి. కీమో ముందు ఇవ్వడం వల్ల ఆయుష్షు దానంతట అదే పెరగలేదు. అలాగే గడ్డను కొన్ని నెలలు ఒంట్లో ఉంచడం వల్ల ఆయుష్షు తగ్గనూ లేదు. "గడ్డ అట్లనే పెట్టుకొని" అనే భయానికి ఇదే సమాధానం. పైగా కీమో ముందు తీసుకున్నవారిలో రొమ్మును పూర్తిగా తీసేయకుండా గడ్డ వరకే తీసి సరిపెట్టగలిగినవారు 68 శాతం ఉంటే, ముందు ఆపరేషన్ అయినవారిలో 60 శాతం ఉన్నారు.

అంటే ఆపరేషన్‌కు అందే చిన్న గడ్డ అయితే ఏది ముందైనా ఫరవాలేదు, డాక్టరు సౌకర్యం చూసి నిర్ణయిస్తారు. మన దరఖాస్తుల్లో కనిపించే అతుక్కుపోయిన గడ్డల విషయంలో మాత్రం ఎంచుకోవడానికి రెండు దారులు లేవు. ముందుగా కోస్తే అంచుల్లో జబ్బు మిగిలిపోతుంది, చర్మం మూయడం కష్టమవుతుంది, పుండు మానక కీమో ఇంకా ఆలస్యమవుతుంది. ఈలోగా రక్తంలోకి చేరిన, ఏ స్కానింగ్‌కూ కనబడని కణాలు తమ పని తాము చేసుకుపోతాయి. కీమో ఒళ్లంతా తిరుగుతుంది కాబట్టి మొదటి రోజు నుంచే వాటి మీద కూడా పని చేస్తుంది.

ఇంకొక లాభం ఉంది. నా ఉద్దేశంలో ఇది అన్నిటికంటే విలువైనది. గడ్డ ఒంట్లో ఉండగా మందు ఇస్తే, ఆ మందు పని చేస్తోందో లేదో చేత్తో తాకి తెలుసుకోవచ్చు. గడ్డ తీసేశాక ఇస్తే గుడ్డిగా ఇచ్చినట్లే. కీమో తర్వాత తీసిన ముక్కను మైక్రోస్కోపు కింద చూసి, జబ్బు పూర్తిగా పోయిందా, మిగిలిందా చెబుతారు. పూర్తిగా పోయినవారికి మళ్లీ వచ్చే అవకాశం బాగా తక్కువ. మిగిలినవారికి తర్వాత వేరే మందు కలపవచ్చు. జపాన్, కొరియాల్లో ఇలా జబ్బు మిగిలిన 910 మందితో జరిపి 2017లో ప్రకటించిన అధ్యయనంలో, ఆపరేషన్ తర్వాత కెపసైటబిన్ అనే మాత్రలు వాడినవారిలో ఐదేళ్లకు 89 శాతం మంది బతికి ఉన్నారు. వాడనివారిలో 84 శాతం. ఇది నోటితో మింగే మాత్రే, మందుల షాపుల్లో దొరికేదే.

వైద్యం మొదలయ్యే ముందు చేయాల్సిన పనుల్లో డబ్బు లేక ఆగిపోయేవి కొన్ని ఉన్నాయి. మొదటిది లావు సూదితో చిన్న ముక్క తీసే బయాప్సీ. "సూది గుచ్చితే జబ్బు పాకుతుంది" అనే మాట మన ఊళ్లలో బలంగా ఉంది. అది నిజం కాదు. ఆ ముక్క మీదే ఈఆర్, పీఆర్, హెర్-2 అనే మూడు పరీక్షలు చేస్తారు. ఈ మూడూ లేకుండా మొదలుపెట్టిన కీమో అడ్రసు రాయని ఉత్తరం లాంటిది. హెర్-2 ఉన్నవారికి ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్ కలిపితే ఫలితం ఎంతో మెరుగవుతుంది. ఒకప్పుడు అది విదేశీ మందు, మామూలువాళ్లు ధర వినే భయపడేవారు. 2014లో బెంగళూరుకు చెందిన బయోకాన్ మన దేశపు తయారీని మార్కెట్లోకి తెచ్చాక, తర్వాత ఇతర కంపెనీలూ రావడంతో అందుబాటు పెరిగింది. ఈఆర్ బలంగా ఉన్న పెద్ద వయసు స్త్రీలకైతే కొన్నిసార్లు కీమో బదులు లెట్రోజోల్ మాత్రతోనే గడ్డను కుదించి ఆపరేషన్ చేస్తారు. మూడు పరీక్షలూ నెగెటివ్ వచ్చిన స్త్రీల మీద ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రి 720 మందితో జరిపిన అధ్యయనంలో, ఆపరేషన్‌కు ముందు ఇచ్చే కీమోకు కార్బోప్లాటిన్ కలిపితే 50 ఏళ్లలోపువారికి మేలు జరిగిందని తేలింది. కార్బోప్లాటిన్ పాత మందు, ఖరీదు తక్కువ. కాబట్టి ఈ ఫలితం మనలాంటి సంఘాలకు శుభవార్తే.

జబ్బు ఇతర భాగాలకు పాకిందా అని చూసే సీటీ, ఎముకల స్కాన్, ఎర్ర మందు గుండె మీద ఒత్తిడి పెడుతుంది కాబట్టి టూడీ ఎకో, ఇవి కూడా ముందే జరగాలి. ఒక చిన్న లోహపు గుర్తు సంగతి చాలామందికి తెలియదు. కీమోతో గడ్డ పూర్తిగా మాయమైతే సర్జన్‌కు ఎక్కడ కోయాలో తెలియదు. రొమ్మును కాపాడే ఆపరేషన్ అనుకున్నవారికి ముందే గడ్డలో ఒక సన్నని క్లిప్ పెడతారు. దరఖాస్తులో "క్లిప్" అని చిన్న మొత్తం రాసి ఉంటే అనవసర ఖర్చు అని కొట్టేయకండి.

ఇప్పుడు ఇందల్వాయి మండలంలో 45 ఏళ్ల బీడీ కార్మికురాలిని ఊహించుకుందాం. మూడో దశ. ఆమెకు ఎక్కువగా వాడే పద్ధతి రాశారనుకుందాం: ఎర్ర మందు, దానితో పాటు సైక్లోఫాస్ఫమైడ్, 21 రోజులకొకసారి నాలుగు డోసులు. ఆ తర్వాత పాక్లిటాక్సెల్ వారానికొకసారి 12 డోసులు. మొత్తం 24 వారాలు, 16 ప్రయాణాలు. హైదరాబాదుకు ఒక వైపు సుమారు 150 కిలోమీటర్లు అనుకుంటే, రానుపోను 300. పదహారుసార్లకు 4,800 కిలోమీటర్లు. కీమో చేయించుకొని వాంతులు ఆపుకుంటూ జాతీయ రహదారి మీద బస్సులో కూర్చొని వచ్చే ఆడమనిషిని ఒకసారి తలచుకోండి. ఇది అయ్యాక మూడు నుంచి ఆరు వారాల్లో ఆపరేషన్. పుండు మానాక కరెంటు పెట్టడం, అంటే రేడియేషన్. ఇప్పుడు చాలామందికి 15 సిట్టింగుల్లో పూర్తి చేస్తున్నారు, అంటే మూడు వారాలు పట్నంలోనే ఉండాలి. ఆ తర్వాత ఈఆర్ ఉంటే ఐదు నుంచి పదేళ్ల మాత్రలు. హెర్-2 ఉంటే మొత్తం ఏడాది ఇంజెక్షన్లు.

ఇందులో ప్రభుత్వం భరించేది చాలా ఉంది. ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబర్ 9న 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. కీమో, ఆపరేషన్, రేడియేషన్ దాని కిందికి వస్తాయి. అదే రోజు మొదలైన మహాలక్ష్మి పథకంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆమెకు టికెట్ లేదు. తోడు వచ్చేది చెల్లెలో, కూతురో అయితే వాళ్లకూ లేదు, భర్తో కొడుకో అయితే కొనాలి. ఇందల్వాయిలో రైల్వే స్టేషన్ ఉంది. చికిత్సకు వెళ్లే క్యాన్సర్ రోగికి, తోడుకు సెకండ్ క్లాస్‌లో 75 శాతం రాయితీ ఉంది. స్లీపర్, త్రీ టైర్ ఏసీలో రోగికి టికెట్ పూర్తిగా ఉచితం, తోడుకు 75 శాతం తగ్గింపు. దీనికి ఆసుపత్రి డాక్టరు నిర్ణీత ఫారం మీద సంతకం చేయాలి. ఆ ఫారం గురించి రోగికి చెప్పేవాళ్లే తక్కువ. మన కార్యకర్తలు మొదటి ప్రయాణంలోనే అది తీసుకోవాలి.

మరి సంఘం డబ్బు దేనికి? పథకానికి బయట ఉండే పరీక్షలకు, గదికి, తిండికి, అన్నిటికంటే ఎక్కువగా ఆగిపోయిన కూలికి. తొమ్మిది, పది నెలలు బీడీలు చుట్టని ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది? కీమో మధ్యలో ఆపేసే ఇళ్లలో మందు కొనలేక ఆపినవి కొన్ని, బియ్యం లేక ఆపినవి చాలా. అందువల్ల ఆపరేషన్ రోజున ఒకేసారి పెద్ద చెక్కు ఇవ్వడం కంటే, 24 వారాల పాటు క్రమం తప్పకుండా చిన్న మొత్తం చేరడం ఎక్కువ ఉపయోగం. ఇక్కడ మనకో ఇబ్బంది ఉంది. జకాత్ మొత్తం దాదాపుగా రంజాన్‌లో వస్తుంది. జబ్బు మాత్రం ముహర్రంలో బయటపడవచ్చు, సఫర్‌లో బయటపడవచ్చు. అర్హురాలైన రోగి పేరున పూర్తి వైద్యకాలానికి సొమ్ము ముందే పక్కన పెట్టే ఏర్పాటు ఎలా ఉండాలో ఉలమాలను సంప్రదించి నిర్ణయించుకోవాలి. జకాత్‌కు అర్హత లేని, అయినా ఖర్చు తట్టుకోలేని ఇళ్లకు సదఖా నిధి ఉంచాలి. ముస్లిమేతర సోదరీమణులకు కూడా ఆ నిధి నుంచే ఇవ్వవచ్చు.

రంజాన్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. "రోజాలు అయిపోయాక కీమో చేయించుకుంట" అని నెల రోజులు ఆపేసేవారు ఉంటారు. రోగికి ఉపవాసం నుంచి మినహాయింపు ఉందన్న సంగతి అందరికీ తెలుసు. అయినా మనసొప్పదు. డోసుల మధ్య వ్యవధి పెరిగితే మందు బలం తగ్గుతుంది. కీమో రోజుల్లో నీళ్లు బాగా తాగడం అవసరం. ఇంటి పెద్దలో, మసీదు ఇమామ్ సాబో ఒక్క మాట చెబితే వింటారు, డాక్టరు పదిసార్లు చెప్పినా వినరు.

ఇక నిజంగా భయపడాల్సిన విషయాలు రెండు. ఒకటి జ్వరం. డోసు తర్వాత ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు వరకు తెల్ల కణాలు బాగా తగ్గుతాయి. అప్పుడు 100.4 డిగ్రీలు దాటిన జ్వరం మామూలు జ్వరం కాదు. డోలో వేసుకొని పడుకుంటే తెల్లారేసరికి పరిస్థితి చేయి దాటవచ్చు. అర్ధరాత్రైనా సరే, దగ్గరలోని పెద్ద ఆసుపత్రికి, నిజామాబాద్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికైనా తీసుకెళ్లి, కీమో కార్డు చూపించి, రక్త పరీక్ష, సెలైన్‌లో యాంటీబయాటిక్ వెంటనే మొదలుపెట్టించాలి. ఆ రాత్రికి ఒక బండి, ఒక ఫోన్ నంబరు సిద్ధంగా ఉండాలి. థర్మామీటర్ లేని ఇళ్లు ఇంకా ఉన్నాయి. సహాయం మంజూరు చేసిన రోజే ఒకటి కొనిచ్చి, చూడటం నేర్పండి. అలాగే డోసుకు ముందు రోజు రక్త పరీక్షను నిజామాబాద్‌లోనే చేయించుకొని రిపోర్టు ఫోన్లో పంపితే, కణాలు తక్కువగా ఉన్నప్పుడు హైదరాబాద్ దాకా వెళ్లి ఉత్తచేతుల్తో తిరిగి రావడం తప్పుతుంది. డాక్టరు ఒప్పుకొని, ఆ ఏర్పాటు ఉన్నచోట కొన్ని డోసులను దగ్గరలోనే ఇప్పించుకోవచ్చు.

రెండోది వినడానికి విచిత్రంగా ఉంటుంది: గడ్డ కరిగిపోవడం. మూడో డోసుకో, నాలుగో డోసుకో గడ్డ చేతికి తగలదు. పుండు మానుతుంది. "గడ్డ పోయింది గద సాబ్, ఇగ కోసుడెందుకు?" అని మానేస్తారు. సంతోషంలో మిఠాయి పంచినవాళ్లూ ఉంటారు. చేతికి తగలకపోవడం వేరు, జబ్బు లేకపోవడం వేరు. నేను చెప్పిన 1,523 మంది అధ్యయనంలో కీమో తీసుకున్నవారిలో 36 శాతం మందికి గడ్డ చేతికి తగలకుండా పోయింది. కానీ ఆపరేషన్ చేసి చూస్తే చొచ్చుకుపోయే క్యాన్సర్ ఏమీ మిగలనివారు 13 శాతమే. ఈనాటి మందులతో ఆ అంకె కొన్ని రకాల్లో బాగా పెరిగింది. అయినా ఆపరేషన్, రేడియేషన్ మానేయడానికి అది అనుమతి కాదు. అందుకని మన కార్యకర్తలు ఎక్కువగా వెంటపడాల్సింది కష్టంగా ఉన్న మొదటి నెలలో కాదు, అంతా బాగున్నట్లు కనిపించే నాలుగో, ఐదో నెలలో.

జుట్టు ఊడటం గురించి ఆడవాళ్లు ఎంతో బాధపడతారు. మొదటి డోసు తర్వాత రెండు మూడు వారాల్లో మొదలవుతుంది, కీమో అయ్యాక తిరిగి వస్తుంది. దుపట్టా ఉన్న మన ఇళ్లలో బయటివారికి తెలియకుండా గడిచిపోతుంది, అది కొంత నయం. పాక్లిటాక్సెల్‌తో వేళ్ల చివర్లు తిమ్మిరి పడతాయి, బీడీ చుట్టేవాళ్లకు ఇది పెద్ద కష్టం. డాక్టరుకు చెబితే డోసు సవరిస్తారు. పిల్లలు కావాలనుకునే చిన్న వయసు స్త్రీలు మొదటి డోసుకు ముందే ఆ మాట అడగాలి, తర్వాత ఆలస్యమవుతుంది.

అందరికీ కీమో పని చేస్తుందని కాదు. కొద్దిమందిలో గడ్డ కీమో నడుస్తుండగానే పెరుగుతుంది. అప్పుడు మందు మారుస్తారు, లేదా వెంటనే ఆపరేషన్‌కో, రేడియేషన్‌కో వెళతారు. నాలుగో దశ అని తేలితే లెక్క వేరు. టాటా మెమోరియల్‌లో డాక్టర్ రాజేంద్ర బడ్వే బృందం 350 మంది నాలుగో దశ రోగులతో జరిపి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, రొమ్ముకు ఆపరేషన్ చేయడం వల్ల ఆయుష్షు పెరగలేదని తేలింది. అలాంటప్పుడు అప్పు చేసి, చందాలు ఎత్తి ఆపరేషన్ చేయించమని మనం ఒత్తిడి చేయకూడదు. మాత్రలు, నొప్పి తగ్గించే వైద్యం, ఇంటి దగ్గర సేవ, వీటికి సహాయం చేయడం మేలు.

ఇందల్వాయి నుంచి వెళ్లే పేద రోగులు ఎక్కువగా చేరేది హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి. ఎంఎన్‌జే అంటే మెహదీ నవాజ్ జంగ్. హైదరాబాద్ రాష్ట్రంలో మంత్రిగా పని చేసి, 1960లో గుజరాత్‌కు మొదటి గవర్నర్ అయిన వ్యక్తి. 1955లో ఆ ఆసుపత్రి ఏర్పడటానికి ఆయన పూనుకున్నారు, ఆయన పేరే దానికి పెట్టారు. మన రోగుల్లో చాలామంది ఆ మూడు అక్షరాల వెనక మనిషి ఎవరో తెలియకుండానే క్యూలో నిలబడుతున్నారు. 2023లో అరబిందో ఫార్మా ఫౌండేషన్ విరాళంతో కట్టిన కొత్త భవనం దానికి తోడైంది. నిమ్స్, 2000లో మొదలైన బసవతారకం ఆసుపత్రి కూడా ఉన్నాయి. భవనాలకు ఇచ్చేవారి పేరు గోడ మీద ఉంటుంది. బస్సు చార్జీకి, బియ్యానికి ఇచ్చేవారి పేరు ఎక్కడా ఉండదు. మన సంఘం దాతలు ఈ రెండో రకం. మాటల్లో మాట, చెక్కు అందిస్తూ రోగితో ఫోటో తీయించుకొని సంచికల్లో వేసే అలవాటును ఈ జబ్బు విషయంలోనైనా మానుకుంటే బాగుంటుంది. పెళ్లి కావాల్సిన కూతుళ్లున్న తల్లి ఆ ఫోటోకు భయపడి సహాయమే వద్దన్నా ఆశ్చర్యం లేదు.

ఆలస్యంగా వచ్చేవారికి ఖర్చు పెట్టడంతో పాటు, ఆలస్యం కాకుండా చూసే పని కూడా చేయవచ్చు. ముంబైలో 1 లక్షా 51 వేలమందికి పైగా స్త్రీలతో ఇరవై ఏళ్లు నడిచి 2021లో ప్రచురితమైన అధ్యయనంలో, శిక్షణ పొందిన మహిళా ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకొకసారి చేత్తో రొమ్ము పరీక్ష చేసిన ప్రాంతాల్లో జబ్బు ముందు దశలోనే దొరికింది. 50 ఏళ్లు దాటినవారిలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. మమోగ్రామ్ యంత్రం లేదు, పెద్ద ఖర్చు లేదు. ఒక గది, ఒక పరదా, నేర్పుగల ఒక ఆడమనిషి చేతులు. బీడీ ఖార్ఖానాల దగ్గర ఆకు, తంబాకు తీసుకోవడానికి ఆడవాళ్లు ఎలాగూ వస్తారు. శిబిరం పెడితే అక్కడ పెట్టాలి, ఫంక్షన్ హాల్లో కాదు.

ఆపరేషన్ అయినవారి దరఖాస్తుల్లో ఈ మధ్య ఇంకో ఖర్చు కనిపిస్తోంది: చేతి తొడుగు. చంక గ్రంథులు తీసేసి, అక్కడ రేడియేషన్ కూడా ఇస్తే, ఆ వైపు చెయ్యి నెలల తర్వాతో, ఏళ్ల తర్వాతో వాచవచ్చు. బీడీ చుట్టే చెయ్యే అది అయితే కూలి మళ్లీ పోతుంది. ఆపరేషన్ అయిన మొదటి వారం నుంచే డాక్టరు చెప్పిన వ్యాయామాలు చేయాలి, ఆ చేతికి సూదులు, దెబ్బలు తగలకుండా చూసుకోవాలి, వాపు మొదలవగానే బిగుతైన తొడుగు వేసుకోవాలి. వాడేకొద్దీ అది సాగిపోతుంది, దాదాపు ఆరు నెలలకొకసారి కొత్తది కొనాలి. ఆరోగ్యశ్రీ కాగితాలన్నీ మూసేసిన తర్వాత వచ్చే దరఖాస్తు ఇది.